దిగని స్టాపులు

ఇరవై తొమ్మిదేళ్లు ఈ ఊళ్ల పేర్లన్నీ
ఈయన నోట్లోంచే ఊడిపడ్డాయి.
బిక్కవోలు దిగేవాళ్లు, సామర్లకోట,
ద్రాక్షారామం, యానాం, ఎదుర్లంక...
అందర్నీ దింపాడు. తను దిగలేదు.
దిగినా టీకొట్టు దాకా, గోడ పక్క దాకా.
మళ్లీ విజిల్, మళ్లీ రైట్ రైట్.

తోలుసంచి డిపోలో అప్పజెప్పిన నెలకి అన్నాడు:
"రత్నం, మూడ్రోజులు తిరుగుదామా,
ఆ ఊళ్ల లోపల ఏవున్నాయో చూద్దాం."
జాకెట్లు శుక్రవారానికి ఇచ్చేస్తానని అందరికీ అబద్ధం చెప్పి
మిషను మీద దుప్పటి కప్పి బయల్దేరాను.

బిక్కవోల్లో గుళ్లు పొలాల్లో ఉన్నాయి.
గట్టు మీద ఒకరి వెనక ఒకరం, చెప్పులు చేతుల్లో.
చాళుక్యులట. వెయ్యేళ్ల పైమాటట.
బోర్డు గట్టిగా చదివాడు, స్టాపు అరిచినట్టే.
నేను తలూపాను గానీ
నా కళ్లు గుడినీడలో ఎవరో వదిలేసిన
గోనెపట్టా మీదున్నాయి,
కాసేపు కూలబడొచ్చా అని.

సామర్లకోటలో రెండంతస్తుల లింగం.
కింద మొదలు చూసి, మెట్లెక్కి తల చూడాలి.
నా మోకాలు కిందే మొక్కేసుకుంది.
"పైన ఎలా ఉంది?" అంటే
"కిందలాగే. కాపోతే గాలొస్తంది" అన్నాడు.

ద్రాక్షారామం చేరేసరికి మిట్టమధ్యాహ్నం.
బండపరుపు అట్లపెనం.
స్తంభాల నీడలు పట్టుకుని
ఈ వయసులో తొక్కుడుబిళ్ల ఆడాం.
శాసనాల గోడ దగ్గర ఎంతసేపో నిలబడ్డాడు.
చదవడం రాదుగా, అన్నాను.
"ఎవడో ఎంతిచ్చాడో లెక్క రాసుంటాడు" అన్నాడు,
లెక్క రాసేవాళ్లంటే ఈయనకి గౌరవం.

రామచంద్రపురం లాడ్జిలో దెబ్బలాడుకున్నాం.
సబ్బు గురించి అనుకుంటా.
తను గోడకేసి, నేను తలుపుకేసి.
అర్ధరాత్రి నిద్దట్లో
"చిల్లర దిగేటప్పుడు ఇస్తానమ్మా" అంటే
నవ్వాపుకోలేక చచ్చాను.

యానాంలో చర్చికి తాళం.
ఏటొడ్డు బెంచీ మీద
రెండు గంటలు నిద్రపోయాం, నోళ్లు తెరుచుకుని,
ఎవరు చూశారో ఏమో.
చూడాల్సినవి రాసుకొచ్చిన కాగితంలో
వేరుశెనక్కాయల తొక్కలు పోసి మడిచాను.
గౌతమి అక్కడ ఎంత వెడల్పో!
దానికి మాత్రం బోర్డు లేదు.

చివరాఖరికి ర్యాలి. ఇంటికి దగ్గరే,
అందుకే ఇన్నాళ్లూ వెళ్లలేదు.
ముందువైపు స్వామి.
"వెనక్కి రండి" అన్నాడు పూజారి దీపం పట్టుకుని.
వెనక మోహిని, అదే రాయిలో.
కొప్పు ముడి, నడుం వంపు, కాలి పిక్క.
ఈయన వంగి చూస్తున్నాడు.
ఈయన వెనక నేనున్నాను.

చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.
ఎడం భుజం మీద, మెడకి దగ్గరగా
సంచి పట్టీ తొలిచిన పల్లం,
బొటనవేలు పట్టేంత.
రెండు భుజాలూ ఒక ఎత్తులో లేవు.
ఊరందరి భుజాలూ టేపు పెట్టి కొలిచినదాన్ని,
ఈ భుజం మీద టేపు వెయ్యలేదు.
రెడీమేడ్ చాలనేవాడు, నేనూ సరేననేదాన్ని.

దీపం జరిగిపోయింది.
"పేర్లు?"
"వాసంశెట్టి గంగాధరం, నూకరత్నం."
గుడంతా వినబడేలా అరిచాడు.
పూజారి ఉలిక్కిపడ్డాడు.

తిరుగు బస్సులో కండక్టరు చిన్నపిల్ల.
"ఎక్కడికండీ?" అంది.
ఈయన నోరు తెరిచి, నా వైపు చూశాడు.
ఆ ప్రశ్న అడగడమే గానీ
జవాబు చెప్పే అలవాటు లేదు.
"రావులపాలెం, రెండు" అన్నాను.

కాలవ మలుపు తిరక్కుండానే
తల నా మీదకి వాలిపోయింది, బరువుగా, ఉప్పువాసనగా.
చొక్కాగుడ్డ రెండున్నర మీటర్లు తీసుకోవాలి.
ఎడం వైపు అరంగుళం దించాలి.
శుక్రవారం జాకెట్లవాళ్లు కాసేపు ఆగుతార్లే.